పిల్లలకు దూరంగా ఉంచండి

ఆ శనివారం ఉదయం ప్రూఫుగారి ప్రణాళికలో మూడే అంశాలు. గడ్డం గీసుకోవడం, ఇల్లు సర్దడం, పదకొండింటికి వదినగారు వచ్చేసరికి సంతోషంగా ఉన్నట్టు కనిపించడం. మొదటి రెండూ ఎనిమిదింటికల్లా అయిపోయాయి. మూడోదానికి మాత్రం అద్దం ముందు నిలబడి కాస్త రిహార్సలు వేసుకోవాల్సి వచ్చింది. రెండుసార్లు నవ్వి చూసుకున్నాడు. రెండుసార్లూ కొట్టివేత గుర్తు పెట్టాలనిపించింది.

ప్రూఫుగారంటే ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆయన. ముప్పయ్యేళ్ళుగా అదే పని కావడంతో అసలు పేరు అరిగిపోయి పని పేరే మిగిలింది. పాఠ్యపుస్తకం కానీ, మందుసీసా మీద చీటీ కానీ, ఏది అచ్చుకు వెళ్ళాలన్నా ఆయన ఎర్ర పెన్ను కిందనుంచి తల వంచుకుని వెళ్ళాల్సిందే. అచ్చులోనే బతికినా అచ్చొచ్చిన బతుకు కాదు. ఊరందరి తప్పులూ పట్టుకునే మనిషికి న్యాయంగా శత్రువులుండాలి. ఈయనకి లేరు. ఎదుటివాడి తప్పు చూపించేటప్పుడు కూడా తనే చేసినట్టు మొహం పెట్టేవాడు.

ప్రూఫు దిద్దడం నిజానికి ఒక్కరి పని కాదు, జంట పని. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు అచ్చుప్రతిలో కళ్ళు పెట్టి చూడాలి. ఆఫీసులో ఆ పైకి చదివే ఉద్యోగాన్ని ఎప్పుడో పైకి పంపేశారు. అందుకని ప్రూఫుగారు కాగితాల కట్టలు ఇంటికి తెచ్చుకునేవాడు. భార్య చదివేది, ఆయన దిద్దేవాడు. ఆవిడ చుక్కతో సహా చదివేది. "వేడి కామా వెలుతురు కామా తేమ తగలనీయరాదు ఫుల్‌స్టాప్" అని ఆవిడ చదువుతుంటే, మెట్ల కింద దొరికిన ఒక పిల్లికూన 'కామా' అన్నప్పుడల్లా తననే పిలుస్తున్నారనుకుని పరిగెత్తుకొచ్చి ఆవిడ కాళ్ళకి చుట్టుకునేది. పేజీకి ముప్పైసార్లు పిలిచినట్టు, ముప్పైసార్లు వచ్చినట్టు. ఇంక దానికి వేరే పేరు పెట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఐదు నెలల కిందట ఆవిడ పోయింది. ప్రూఫుగారి కథకి అక్కడే ఫుల్‌స్టాప్ పడాల్సింది. కామా ఉండబట్టి వాక్యం ఇంకా నడుస్తోంది.

ఇప్పుడా కామా మీదే వదినగారి చూపు పడింది. ఆవిడ పోయినావిడకి స్వయానా అక్క, రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో ఉంటుంది. ఫోన్లో మాట్లాడితే ఇద్దరికీ ఏడుపొస్తుందని, చెప్పదలచుకున్నదంతా మెసేజీల్లోనే రాస్తుంది. "శనివారం వస్తున్నాను. మీకే వేళకి తిండి ఉండదు, దానికేం పెడతారు. మా చెల్లి ప్రాణంగా పెంచుకుంది. నాతో తీసుకెళ్తాను" అని రాసింది. ప్రూఫుగారు జవాబు ఏడుసార్లు రాశాడు, ఏడుసార్లు దిద్దాడు, దిద్దగా దిద్దగా చివరికి "సరే, రండి" అనే రెండు ముక్కలు మిగిలాయి. ఆ రెండిటి మధ్య కామా మాత్రం జాగ్రత్తగా ఉంచాడు.

సాయంత్రం తాళం తీసేసరికి లోపల మరో ప్రాణి తలెత్తి చూడడం అనేది ఒక్కటే ఆయనకి మిగిలిన సంసారం. అది కూడా పోతే ఇక తాళం తీయడం ఎందుకో ఆయనకి తెలీదు. కాబట్టి వదినగారు గుమ్మంలో అడుగు పెట్టగానే, ఫరవాలేదు, ఇక్కడ మనుషులు బతుకుతున్నారు అనిపించాలి. అందుకే ముందురోజు సాయంత్రం నర్సరీకి వెళ్ళి ఒక పూలమొక్క తెచ్చాడు. పేరు పీస్ లిల్లీ. నిగనిగలాడే ఆకుల మధ్య, తెల్ల కాగితాన్ని దోసిలిగా మడిచినట్టు ఒక్కటంటే ఒక్క పువ్వు. కుండీకి చిన్న చీటీ గుచ్చి ఉంది: 'నేరుగా ఎండ తగలనీయకండి. మట్టి ఆరాకే నీళ్ళు పోయండి. పిల్లలకు దూరంగా ఉంచండి.'

అలవాటు కొద్దీ ఆ చీటీని మూడుసార్లు చదివాడు. ఒక్క తప్పూ లేదు. పిల్లలకు దూరంగా ఉంచాలట. ఆ ఇంటికంటే దూరం ఇంకెక్కడా దొరకదు. ఆ దంపతులకి పిల్లలు లేరు.

తొమ్మిదింటికి కామా కిటికీ గట్టెక్కి, పీస్ లిల్లీలోంచి ఒక పీసు తుంచి నమిలింది. ఐదు నెలలుగా పళ్ళెం ముందు పెడితే వాసన చూసి తప్పుకుంటున్న పిల్లి. అది తనంతట తాను ఏదో తింటోందంటే ప్రూఫుగారికి ఒక్క క్షణం ఆనందం కూడా కలిగింది. మరుక్షణం అది మూతి నేలకేసి రాసుకోవడం మొదలుపెట్టింది. నోటివెంట చొంగ కారింది. ముందుకాళ్ళతో నోరు పీక్కుంటూ గదిలో గుండ్రంగా తిరిగి, భార్యగారి కుర్చీ కిందకి దూరింది.

ఆయన నర్సరీకి ఫోన్ చేశాడు. మెట్ల మలుపు వాటాలోని టైలరమ్మ కుట్టుమిషను కిటికీలోంచి టకటకలాడుతోంది.

"అమ్మా, నిన్న మీ దగ్గర లిల్లీ మొక్క తీసుకెళ్ళాను. పిల్లాకు తినేసిందండీ."

మన భాషలో సంధి అని ఒక సదుపాయం ఉంది. పిల్లి ఆకు తిన్నా, పిల్ల ఆకు తిన్నా, కంగారులో అన్నప్పుడు రెండూ 'పిల్లాకు' లోనే కలిసిపోతాయి. ఆ తర్వాత కూడా దారి లేదు. ఆడపిల్లకైనా ఆడపిల్లికైనా 'అది తింది, అది ఏడ్చింది' అనే ఒక్క క్రియతోనే సరిపెట్టేస్తాం.

"అయ్యయ్యో, ఎన్నేళ్ళండీ?" అంది నర్సరీ ఆవిడ.

"ఏడు."

"ఏడేళ్ళొచ్చాక ఆకులు తినకూడదని తెలీదా? మీరు చెప్పొద్దూ?"

"చెప్తే వినే రకం కాదండీ. దాని ఇష్టం దానిది."

"సరే, నోరు కడిగించండి. చల్లటి పాలు రెండు చుక్కలు పట్టండి."

"దగ్గరికి రానివ్వడం లేదు. గోళ్ళతో రక్కేస్తోంది."

"రక్కేంత గోళ్ళు పెంచారా? వాళ్ళమ్మ ఏం చేస్తోంది?"

ప్రూఫుగారు భార్యగారి కుర్చీకేసి చూశాడు.

"లేదండీ," అన్నాడు ప్రూఫుగారు. "పోయి ఐదు నెలలైంది. అప్పట్నుంచీ ఇది సరిగ్గా తినదు. కుర్చీ దగ్గరే పడుకుంటుంది. ఇవాళ వాళ్ళ పెద్దమ్మ వచ్చి తీసుకెళ్ళిపోతానంటోంది."

నర్సరీ ఆవిడ గొంతు మారిపోయింది. "మీరు కంగారు పడకండి బాబూ. అడ్రసు చెప్పండి. నేను చూసుకుంటాను."

ప్రూఫుగారు అడ్రసు చెప్పాడు. నర్సరీ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, తల్లిలేని ఏడేళ్ళ పిల్ల విషపు ఆకు తిని కొట్టుకుంటోందని అంబులెన్సుకి ఫోన్ చేసింది.

కామాని తీసుకెళ్ళడానికి మూతున్న బుట్ట కావాలి. పాత బుట్ట ఎక్కడ పెట్టిందో భార్యకే తెలుసు. ఆయన మెట్ల మలుపులోని వాటాకి పరిగెత్తాడు. టైలరమ్మ నోట్లో అరడజను గుండుసూదులు పెట్టుకుని ఒక కోటుకి అంచు మడుస్తోంది. ఆ స్థితిలో మనిషి వినగలదు, ప్రశ్నలు వేయలేదు. ప్రూఫుగారికేమో అడిగేదాకా ఆగే ఓపిక లేదు.

"మూతున్న బుట్ట ఏదైనా ఉందా అండీ? పిల్లాకు తినేసింది. నిన్న సాయంత్రమే నర్సరీ నుంచి తెచ్చానండీ. తెల్లగా, నాజూగ్గా ఉందని ముచ్చటపడ్డాను. ఇవాళ మా వదిన వస్తోంది కదా, ఇంట్లో కాస్త కళగా ఉంటుందని కిటికీ దగ్గర నిలబెట్టాను. ప్రాణం మీదకొస్తుందని కల్లో కూడా అనుకోలేదు."

టైలరమ్మ గుడ్డముక్కల బుట్ట ఖాళీ చేసి ఇచ్చింది. ఆయన వెళ్ళాక సూదులన్నీ ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బాలో వేసింది. ఆ కాసేపట్లో కథ మొత్తం కుట్టేసింది, కాజాలతో సహా. పెళ్ళాం పోయి ఆర్నెల్లు కాలేదు. నర్సరీ బళ్ళో పనిచేసే తెల్లటి పిల్లనెవరినో తెచ్చుకున్నాడు. వదినగారు వస్తోందని తెలిసి ఆ పిల్ల ఏదో మింగేసింది.

ఇంట్లో ఫోన్ మోగుతోంది. ప్రెస్సు మేనేజరు.

"సార్, క్యాటలాగు మధ్యాహ్నం మిషనెక్కాలి. ఒక పూట సెలవన్నారు కదా, రెండింటికి వచ్చేస్తారా?"

"రాలేనండీ. కామా పోయేలా ఉంది."

"ఏ పేజీలో?"

"పేజీ ఏమిటండీ, ఇంట్లో. నోట్లోంచి నురగ వస్తోంది. కామా కోమాలోకి వెళ్ళిపోతుందేమోనని భయంగా ఉంది."

మేనేజరు జాలిగల మనిషి. ప్రూఫుగారు ఈ మధ్య గోడలకేసి చూస్తున్నాడని ఆఫీసులో అనుకోవడం ఆయన చెవినా పడింది. గొంతు తగ్గించాడు. "సార్, ఒక్క కామా పోతే కొంపలేం మునిగిపోవు. చదివేవాళ్ళు ఎలాగో సర్దుకుంటారు."

"వాళ్ళు సర్దుకుంటారండీ. నేను సర్దుకోలేను."

"అర్థమైంది సార్. మీకు నెల్లాళ్ళు సెలవు రాస్తున్నాను. ఆ ఎర్ర పెన్ను ఎవరికైనా ఇచ్చేసి పడుకోండి."

ప్రూఫుగారు ఫోన్ పెట్టేసి నేల మీద బోర్లా పడుకున్నాడు, కుర్చీ కింద చెయ్యి పెట్టడానికి. ముంజేతి మీద మూడు ఎర్ర గీతలు పడ్డాయి. జీవితంలో మొదటిసారి ఎవరో ఆయన్ని ఎర్రగా దిద్దారు. తువ్వాలు చుట్టి కామాని బుట్టలోకి దించేసరికి చెమట, కన్నీళ్ళు కలిసి అద్దాలు మసకబారాయి. ఆయన ప్రూఫుగారేగానీ వాటర్‌ప్రూఫ్ కాదు.

అంతలో అంబులెన్సు కూత వీధి మొదట్లో వినిపించి, సరిగ్గా ఆ మేడ ముందే ఆగింది. స్ట్రెచర్ పట్టుకుని డ్రైవరూ, కాగితాల అట్ట పట్టుకుని అటెండరూ మెట్లెక్కి వచ్చారు.

"పిల్లెక్కడ?" అన్నాడు అటెండరు. సంధి మళ్ళీ తన పని చేసుకుపోయింది.

"ఇదిగోనండీ, బుట్టలో." నర్సరీ ఆవిడ పిల్లికి కూడా అంబులెన్సు పంపిందా అని ప్రూఫుగారు కృతజ్ఞతతో బుట్ట ముందుకి జరిపాడు.

అటెండరు తువ్వాలు ఎత్తాడు. తువ్వాలు ఆయన వేలు కరిచింది.

"ఇది పిల్లి."

"అవును, పిల్లే."

"మాకు పిల్ల అని చెప్పారు. చూడండి, రాసుకున్నాం కూడా." అట్ట చూపించాడు. 'పిల్ల. ఏడేళ్ళు. ఆకు తిన్నది. తల్లి లేదు.'

డ్రైవరు బుట్టలోకి తొంగి చూశాడు. చొంగతో తడిసిన మూతి, కుదించుకుపోయిన కళ్ళు. ఆయన మనసు కరిగింది. "సర్లే, వచ్చిన బండి ఎలాగూ వెనక్కి పోవాలి. జంతువుల ఆసుపత్రి దారిలోనే ఉంది. కాగితంలో పిల్ల అనే ఉందిగా, ఎవరడుగుతారు? సంతకం పెట్టండి సార్, పోదాం."

ప్రూఫుగారు అట్ట అందుకున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. అది ఎర్ర పెన్ను. ముప్పయ్యేళ్ళ అలవాటు ఆయన్నడిగి చెయ్యి కదపదు. 'పిల్ల' అన్న మాట దగ్గర ఆగి, 'ల్ల' నెత్తిన చక్కగా ఒక గుడి పెట్టి, పక్కన పొట్టి సంతకం చేసి, ఆ తర్వాత కింద పెద్ద సంతకం చేశాడు.

అటెండరు చదివాడు. డ్రైవరుకి చూపించాడు.

"ఎంత పని చేశారు సార్," అన్నాడు డ్రైవరు. "ఇప్పుడిది మా కేసు కాదు. పిల్లిని ఎక్కించుకుంటే మా ఉద్యోగాలు పోతాయి."

"తప్పుంటే దిద్దానండీ."

"దిద్దకపోతే తీసుకెళ్ళేవాళ్ళం."

కేసు కొట్టేసి వాళ్ళు మెట్లు దిగారు. సరిగ్గా అదే వేళకి టాక్సీ దిగి వదినగారు మెట్లెక్కుతోంది. ఖాళీ స్ట్రెచర్ ఎదురైంది. ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. ఐదు నెలల కిందట చెల్లెలి కోసం వచ్చిన స్ట్రెచర్ కూడా ఇవే మెట్లు దిగింది.

మలుపులో టైలరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "మీ మరిదిగారికి ఏం కాలేదమ్మా. ఆ పిల్లకే."

"ఏ పిల్లకి?"

"నాకెందుకులెండి. నర్సరీ నుంచి తెచ్చుకున్నారట నిన్న సాయంత్రం. తెల్లగా ఉంటుందట. మీరొస్తున్నారని చెప్పి కిటికీ దగ్గర నిలబెట్టారట. ఏదో తినేసి ప్రాణం మీదకి తెచ్చుకుంది."

వదినగారు మిగిలిన పది మెట్లూ ఎలా ఎక్కిందో ఆవిడకే తెలీదు. గుమ్మంలో నిలబడింది. ఎదురుగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళంతా చెమటతో ప్రూఫుగారు. కిటికీలో పువ్వు. ఇల్లు కళకళలాడుతోంది. ఆయన పథకం అక్షరాలా ఫలించింది.

"ఎక్కడుందది?" అంది వదినగారు. కోపానికి గొంతు బొంగురుపోయింది.

"బుట్టలో ఉంది వదినా."

"బుట్టలో. మా చెల్లి పోయి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే బుట్టలో వేసుకున్నారా మరిదిగారూ?"

"అంత తేలిగ్గా పడిందనుకుంటున్నారా? గంట పట్టింది. చెయ్యంతా రక్కేసింది, చూడండి. చివరికి తువ్వాలు చుట్టి బలవంతంగా..."

"ఛీ, నోరు ముయ్యండి."

"నేనేం చేయను వదినా, అది కూడా లేకపోతే ఈ ఇంట్లో నేను ఉండలేను. మీ చెల్లెలి తర్వాత నాకింక అదే."

వదినగారు కుర్చీ వీపు పట్టుకుంది. తిడదామని నోరు తెరిచింది, ఏడుపొచ్చింది. "ఒక్క మాట చెప్పి ఉంటే... మీరు మళ్ళీ బతకొద్దని నేనన్నానా? మా చెల్లి ఏడాదైనా గడవనీయాల్సింది. పదిహేడేళ్ళు కలిసున్నారు."

"ఇది కూడా ఏడేళ్ళ నుంచి ఉంది కదా వదినా."

"ఏడేళ్ళ నుంచా?"

ఈసారి ఆవిడ నిజంగానే కూలబడేది. బుట్ట మూత లేచి, చొంగ కారుతున్న ఒక బూడిదరంగు మూతి బయటకొచ్చి, హీనంగా 'మ్యావ్' అంది.

వదినగారు పిల్లికేసి చూసింది, మరిదికేసి చూసింది, చేతి మీద గీతలకేసి చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆవిడే తేల్చుకోలేకపోయింది. తేల్చుకునే వ్యవధి కూడా లేదు. "నా టాక్సీ కిందే ఉంది, పదండి. ఆ మొక్క కూడా పట్టుకురండి. ఏం తిందో డాక్టరుకి చూపించాలి కదా" అంది.

టాక్సీలో వదినగారి ఒళ్ళో బుట్ట, ప్రూఫుగారి ఒళ్ళో కుండీ. రెండో మలుపు తిరిగేసరికి నర్సరీ ఆవిడ ఫోన్ చేసింది. అంబులెన్సు వాళ్ళు ఆవిడకి నాలుగు చివాట్లు పెట్టినట్టున్నారు. అందులో మూడు ఈయనకి, పక్కనున్న వదినగారికి కూడా వినిపించేలా అందించింది.

"పిల్లి అని ముందే ఏడవొచ్చుగా? అయినా చీటీలో అంత స్పష్టంగా రాశాం, చదవరా?"

"చదివానండీ. మూడుసార్లు. పిల్లలకు దూరంగా ఉంచమని ఉంది."

"పిల్లలకు కాదు, పిల్లులకు. నా చేత్తో రాసిచ్చాను. ఆ అచ్చేసినవాళ్ళెవరో కొమ్ము కొట్టేశారన్నమాట. ఆ ప్రూఫు చూసినాయనకి కళ్ళున్నాయా అసలు?"

ప్రూఫుగారు చీటీ చేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా అడిగాడు. "ఈ చీటీలు ఎప్పుడు వేయించారమ్మా?"

"ఐదు నెలలైంది."

ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. చీటీ వెనక్కి తిప్పాడు. అడుగున చీమతలంత అక్షరాల్లో తన ప్రెస్సు పేరే ఉంది. ఎర్ర గీత కూడా గుర్తొచ్చింది. 'పిల్లులకు' అన్న మాట చూసి, మొక్కకి పిల్లులేమిటి, కంపోజు చేసినవాడు కొమ్ము ఎక్కువ పెట్టాడు అనుకుని, రెండో అక్షరానికున్న కొమ్ముని ఒక్క గీతతో తీసేశాడు. మొక్కకి కొమ్మ కత్తిరిస్తే మళ్ళీ చిగురేస్తుంది. అక్షరానికి కొమ్ము కత్తిరిస్తే అది అలాగే వెయ్యి చీటీలై ఊరంతా తిరుగుతుంది.

"ఏమైంది?" అంది వదినగారు.

"ఆ కొమ్ము కొట్టింది నేనే వదినా."

"ఎప్పుడు?"

"ఆసుపత్రిలో. వార్డు బయట బల్ల మీద కూర్చుని. లోపలికి రమ్మని పిలిచేదాకా చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా. అంతకుముందయితే తను పైకి చదివేది. తను 'పిల్లులకు' అని నొక్కి చదివి ఉంటే నేను కొట్టేసేవాణ్ణి కాదు. ఆ రోజు మొదటిసారి ఒక్కణ్ణే చదివాను." ఆగాడు. "తర్వాత చూసిన వాటిలో ఇంకెన్ని ఉన్నాయో తెలీదు. మందుసీసాల చీటీలు కూడా చూశాను."

వదినగారు బుట్ట మీదున్న చేతిని తీసి, కుండీ జారిపోకుండా పట్టుకుంది.

జంతువుల డాక్టరు చిన్న వయసావిడ. రెండు రకాల కుక్కలు, ఒక చిలుక దాటుకుని వీళ్ళ వంతు వచ్చింది.

"ఏం తింది?"

"లిల్లీ," అన్నాడు ప్రూఫుగారు.

డాక్టరు చెయ్యి ఆగిపోయింది. "లిల్లీయా? ఎంతసేపైంది? పుప్పొడి ఏమైనా నాకిందా?" అంటూనే లేచింది. అప్పుడు ఆయన ఒళ్ళో ఉన్న కుండీ కనిపించింది. మెల్లగా కూర్చుంది. "ఇదా? ఇది పీస్ లిల్లీ. పేరులోనే లిల్లీ, దానికీ దీనికీ చుట్టరికం లేదు. నమిలితే నోరు మండుతుంది, చొంగ కారుతుంది, ఒకటి రెండు వాంతులవ్వొచ్చు. సాయంత్రానికి సర్దుకుంటుంది. పిల్లులున్న ఇంట్లో ఉంచకండి, అంతే. అసలు లిల్లీ అయ్యుంటే ఒక్క ఆకు తిన్నా, కాస్త పుప్పొడి నాకినా, ఆ పువ్వులు పెట్టిన నీళ్ళు తాగినా చాలు, కిడ్నీలు పోతాయి. మూడు రోజుల్లో మన చేతిలో ఏమీ ఉండదు."

కామాకి నోరు కడిగారు. ప్రూఫుగారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. బతికింది. ఈ రోజుకి ఆయనకి అదే ముగింపు. కానీ డాక్టరు కామాని తూకం మీద పెట్టి పాత కార్డు తిరగేసింది.

"పోయిన ఏడాది ఐదు కిలోలు. ఇప్పుడు మూడున్నర. ఇది మొక్క చేసిన పని కాదండీ. ఇలాగే ఉంటే ఇంకో రెండు నెలలు కూడా కష్టం. తిండి ఎప్పుడు మానేసింది?"

ప్రూఫుగారు చెప్పాడు. డాక్టరు తల ఊపి, చిన్న గిన్నెలో మెత్తటి తిండి పెట్టి, "మండుతోంది కాబట్టి ఇప్పుడు తినదులెండి. వాసనైనా చూస్తుందేమో" అంది. కామా మొహం తిప్పేసుకుంది. ప్రూఫుగారు గిన్నె అటు జరిపాడు, ఇటు జరిపాడు, "తినవే తల్లీ" అన్నాడు. అది గోడకేసి చూసింది.

వదినగారు పక్కనే స్టూలు మీద కూర్చుంది. వచ్చినప్పట్నుంచీ అరిచి, ఏడ్చి, అలిసిపోయింది. ఇప్పుడు కోపం లేదు, గొంతులో బొంగురూ లేదు. మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు, "కామా, ఇలా రా" అంది.

కామా చెవులు రెండూ ఒక్కసారి నిలబడ్డాయి. తల తిప్పింది. ప్రూఫుగారు కూడా తిప్పాడు. ఇద్దరూ ఒకేవైపు, ఒకేలా చూశారు. కోపంలో ఎవరి గొంతైనా ఒకటే. మెల్లగా మాట్లాడితే మాత్రం అక్కచెల్లెళ్ళ గొంతు అచ్చు గుద్దినట్టే ఉంది.

పిల్లి బల్ల దిగింది. కాళ్ళు తడబడుతూ వెళ్ళి ఆవిడ పాదాలకి చుట్టుకుంది, ఒళ్ళోకెక్కింది, ఆవిడ వేలికి అంటించిన తిండి నాకింది. ఇంకాస్త పెడితే ఇంకాస్త నాకింది. ఐదు నెలలుగా వెతుకుతున్నది దొరికినట్టు, కళ్ళు మూసుకుని గుర్రుమంది.

వదినగారు గిన్నె ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మరిదిగారూ," అంది వదినగారు చివరికి. "నేను దీన్ని తీసుకెళ్ళను. ఇవాళ మీరు పడ్డ పాట్లు చూశాను కదా. మీకెవరున్నారు చెప్పండి. మీ దగ్గరే ఉండనీయండి."

ప్రూఫుగారు ఈ మాట కోసమే గడ్డం గీసుకున్నాడు. ఈ మాట కోసమే మొక్క తెచ్చాడు, బోర్లా పడుకున్నాడు, రక్కించుకున్నాడు. పిల్లికేసి చూశాడు. అది ఆవిడ మోచేతి వంపులో తల దూర్చేసింది.

"లేదు వదినా, మీతోనే తీసుకెళ్ళండి."

"అదేమిటి?"

"నాకైతే తను ఇక రాదని ఎవరైనా చెప్పొచ్చు. నాలుగుసార్లు చెప్తే అర్థమవుతుంది కూడా. దానికి ఎవరు చెప్తారు? మీ దగ్గరుంటే చెప్పాల్సిన అవసరమే ఉండదు."

"మరి మీరో?"

"నెల్లాళ్ళు సెలవిచ్చారు. అచ్చయిపోయినవన్నీ ఒకసారి మళ్ళీ చదువుకోవాలి."

వదినగారు చాలా మాటలు అనబోయి, అన్నీ తనే కొట్టేసుకుంది. పిల్లిని గట్టిగా పట్టుకుంది. "వచ్చే శనివారం రండి, చూద్దురుగాని" అంది. ఆయన సరేనన్నాడు. పొద్దుటి ప్రణాళికలో మూడోది మాత్రం ఇప్పుడు కుదిరింది. టాక్సీ మలుపు తిరిగేదాకా సంతోషంగా ఉన్నట్టే కనిపించాడు.

ఇంటికి బస్సులో వచ్చాడు, కుండీ ఒళ్ళో పెట్టుకుని. మెట్ల మలుపులో టైలరమ్మ తలుపు సందులోంచి అడిగింది.

"ఆ పిల్లకి ఎలా ఉందండీ?"

"బతికింది. వాళ్ళ పెద్దమ్మ తీసుకెళ్ళింది."

"పోనీలెండి, మంచి పని చేశారు. ఈ వయసులో మీకెందుకు," అందావిడ మనస్ఫూర్తిగా.

ప్రూఫుగారు తాళం తీశాడు. లోపల ఎవరూ తలెత్తి చూడలేదు. చొంగ మరకలు తుడిచి, కుర్చీ గోడకి జరిపి, కుండీని కిటికీ గట్టు మీద పెట్టాడు, మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు, చివరికి గది మధ్యలో నేల మీదే వదిలేశాడు.

ఆ మొక్కని ఇంక ఆ ఇంట్లో ఎక్కడ పెట్టినా ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు.